వ్యభిచారం: దేని నుంచి తప్పడం?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. బొబ్బిలి దగ్గర మీ పల్లెలో, మీ చెల్లెలు కూచిపూడి థియరీ పరీక్షకి చదువుతూ "ముప్పై మూడు వ్యభిచారి భావాలు" అని పైకి వల్లిస్తుంటే మీ నాన్నగారు "ఇంట్లో ఏం మాటలవి" అని కసిరారు. అదే మాట పేపర్లో లాడ్జి మీద పోలీసుల దాడి వార్తలో ఉంటుంది, పది ఆజ్ఞల్లో ఉంటుంది, విడాకుల కాగితాల్లో ఉంటుంది. ఇవన్నీ ఒకే మాటా, ఏ అర్థం ముందుది, వ్యభిచారం నేరమనే చట్టాన్ని కొట్టేశారంటున్నారు కదా ఇప్పుడు సంగతేమిటి అని మీ సందేహం.

ఒకే మాట బాబూ. నేను విజయనగరం సంస్కృత కళాశాలలో చదువుకుని, తర్వాత శ్రీకాకుళంలో కోర్టు కాగితాలు తెలుగు చేస్తూ ఉద్యోగం వెళ్ళదీసినవాణ్ణి. చదువులో ఈ మాట ఒక రకంగా వినపడేది, ఉద్యోగంలో ఇంకో రకంగా. కాబట్టి కొంచెం పొడుగ్గానే చెబుతాను, ఓపిక పట్టండి.

‘చర’ ధాతువుకి తిరగడం, నడవడం అని అర్థం. ఆచారం, విచారం, ప్రచారం, సంచారం, ఉపచారం, అపచారం అన్నీ దాని సంతానమే. ‘అభి’ చేరితే అభిచారం, అంటే చేతబడి. దానికి ముందు ‘వి’ కూడా చేరితే వ్యభిచారం: పోవలసిన దారి వదిలి పక్కకి పోవడం. ఇందులో ఆడా లేదు, మగా లేదు, మంచం అసలే లేదు. ఒక్కటి మాత్రం తప్పనిసరి. ఫలానాదాని నుంచి తప్పింది అని చెప్పాలి. ‘దేని నుంచి’ అన్నదానికి జవాబు లేకపోతే మాట సగంలో ఆగిపోయినట్టే. శాస్త్రానికొక జవాబు ఉంది, అందుకే ఇన్ని అర్థాలు. మన కాలంలో ఆ ప్రశ్న అడగడమే మానేశాం. మీ నాన్నగారికి చిరాకు వచ్చింది అందుకే, ఆయన తప్పేమీ లేదు.

మొదట తర్కం. అక్కడ ఈ మాట పూచికపుల్లంత మామూలు. అన్నంభట్టు అని మన తెలుగాయనే, తర్కసంగ్రహం రాశాడు. సంస్కృతం చదివేవాళ్ళు తర్కంలోకి ఆ చిన్న పుస్తకంతోనే అడుగుపెడతారు. కొండ మీద పొగ కనిపిస్తోంది కాబట్టి అక్కడ నిప్పు ఉంది అనడం సరైన ఊహ. దాన్నే తిరగేసి, నిప్పు ఉంది కాబట్టి పొగ ఉండాలి అంటే తప్పు. ఎందుకంటే కొలిమిలో ఎర్రగా కాలిన ఇనపగుండు ఉంది చూశారూ, దాంట్లో నిప్పు ఉంది, పొగ లేదు. నిప్పు అనే హేతువు, పొగ లేని చోటికి కూడా పోయింది. దీన్నే హేతువు వ్యభిచరించింది అంటారు. అలాంటి హేతువుకి సవ్యభిచారం అని పేరు. హేత్వాభాసాలు, అంటే హేతువులా కనపడి హేతువు కానివి అయిదు ఉంటే, అందులో మొదటిది ఇదే.

మాకు ఈ పాఠం చెప్పిన రోజున వెనక బెంచీ నుంచి కిసుక్కుమని నవ్వు వినిపించింది. మాస్టారు పుస్తకం లోంచి తలెత్తకుండా, "నవ్వినవాడు లేచి, ఆ హేతువుకి పెళ్ళాం ఎవరో చెప్పి కూర్చోండి" అన్నారు. ఆ తర్వాత రెండేళ్ళూ క్లాసులో ఆ మాటకి ఎవరూ నవ్వలేదు. ‘ఈ నియమానికి ఇక్కడ వ్యభిచారం ఉంది’ అని వ్యాకరణం క్లాసులో అంటే, ఇక్కడ ఈ సూత్రం పనిచెయ్యడం లేదు అని రాసుకునేవాళ్ళం, అంతే.

దీనికి మెట్టు ముందు, గౌతముడి న్యాయసూత్రాల్లో ప్రత్యక్షజ్ఞానం ఎలా ఉండాలో చెబుతూ ‘అవ్యభిచారి’ అని ఒక షరతు పెట్టారు. అంటే చూసిన వస్తువుని వదిలి పక్కకి పోని జ్ఞానం. మే నెల మధ్యాహ్నం చీపురుపల్లి రోడ్డు మీద దూరంగా నీళ్ళు మెరిసినట్టు కనిపిస్తాయి. కన్ను చూస్తోంది, నీళ్ళు మాత్రం లేవు. అది వ్యభిచరించిన చూపు. ఆ సూత్రాలకి వ్యాఖ్య రాసిన భాష్యకారుడు ఎండమావినే ఉదాహరణగా చెప్పాడు.

వేదవాక్యాలకి అర్థం తేల్చే మీమాంసకుల దగ్గర ఇంకో ముచ్చటైన సూత్రం ఉంది: "సంభవవ్యభిచారాభ్యాం స్యాద్విశేషణమర్థవత్". విశేషణానికి ఎప్పుడు ప్రయోజనం ఉంటుందో చెప్పే మాట ఇది. ‘చల్లని నిప్పు’ అనకూడదు, అది సంభవం కాదు. ‘నల్లని కాకి’ అననక్కర్లేదు, కాకి నలుపుని వదిలి ఎక్కడికీ పోదు, అంటే వ్యభిచారం లేదు. ‘నల్ల కలువ’ అనొచ్చు. నల్లది ఉంటుంది, తెల్లదీ ఉంటుంది కాబట్టి. మా ఆఫీసులో ‘అమాయక బాధితురాలు’ అనే మాట వచ్చినప్పుడల్లా నాకు ఈ సూత్రం గుర్తొచ్చేది. ఆ విశేషణం తగిలించారంటే అమాయకులు కాని బాధితులూ ఉంటారని రాసినాయన ఉద్దేశమన్నమాట.

ఇక మీ చెల్లెలి పాఠం. భరతుడు నాట్యశాస్త్రంలో ఎనిమిది స్థాయి భావాలు, ఎనిమిది సాత్త్విక భావాలు, ముప్పై మూడు వ్యభిచారి భావాలు, వెరసి 49 చెప్పాడు. నిర్వేదం, గ్లాని, శంక, అసూయ, మదం, శ్రమ ఇలా మొదలవుతుంది ముప్పై మూడింటి జాబితా. స్థాయి కుదురుగా ఉంటుంది. రతి అనుకోండి, నాయిక మనసులో అది అలాగే ఉంటుంది. దాని చుట్టూ కాసేపు శంక వస్తుంది, కాసేపు సిగ్గు, కాసేపు దిగులు, వచ్చి పోతుంటాయి. రసానికి ఎదురుగా రకరకాలుగా సంచరిస్తాయి కాబట్టి వ్యభిచారులు అని భరతుడే వ్యుత్పత్తి చెప్పాడు. అంటే ఇక్కడ నింద లేదు సరికదా, ఇవి లేకపోతే అభినయమే లేదు. సంచారి భావాలు అన్నా ఇవే. పరీక్షలో ఏది రాసినా తప్పు కాదు. అమ్మాయి ఇంట్లో సంచారి అని చదువుకుని, పరీక్షలో భరతుడి మాట రాసుకోవచ్చు.

కాళిదాసు ఇంకాస్త చిలిపివాడు. కుమారసంభవంలో తపస్సు చేస్తున్న పార్వతి దగ్గరికి శివుడు బ్రహ్మచారి వేషంలో వచ్చి, అందం పాపానికి దారితియ్యదని లోకం అంటుందే, ఆ మాట ‘అవ్యభిచారి’ అంటాడు. తిరుగులేని మాట అని అర్థం. అందమైన అమ్మాయి శీలాన్ని పొగుడుతూ, నింద మోసిన మాటనే ముందు ఒక ‘అ’ పెట్టి వాడటం ఆయనకే చెల్లింది.

భగవద్గీతలో చూడండి. పదమూడో అధ్యాయంలో ‘భక్తిరవ్యభిచారిణీ’, పద్నాలుగులో ‘అవ్యభిచారేణ భక్తియోగేన’, పద్దెనిమిదిలో ధృతి, అంటే మనసు నిలకడ గురించి ‘అవ్యభిచారిణ్యా’. గీత పారాయణం చేసే ముత్తైదువులు ఈ శ్లోకాలు మీ నాన్నగారి ఎదురుగానే చదివి ఉంటారు, ఆయన దణ్ణం పెట్టి ఉంటారు. దేవుణ్ణి వదిలి పక్కకి పోని భక్తి అని భావం.

ఇంతవరకూ బాగానే ఉంది. మాట మనుషుల మీదికి వచ్చింది ధర్మశాస్త్రాల్లో. మనుస్మృతి అయిదో అధ్యాయంలో, భర్త పట్ల వ్యభిచరించిన స్త్రీ లోకంలో నిందపాలవుతుంది, నక్కగా పుడుతుంది, పాపరోగాలతో బాధపడుతుంది అని ఉంది. దేని నుంచి అంటే, భర్త నుంచి. జవాబు ఉంది. కానీ ఇదే మనుస్మృతి తొమ్మిదో అధ్యాయంలో ‘అన్యోన్యస్యావ్యభిచారో భవేదామరణాంతికః’ అని ఇంకో శ్లోకం ఉంది. చచ్చేదాకా ఒకరి పట్ల ఒకరు తప్పకుండా ఉండాలి, ఆడామగా ఇద్దరికీ ఇదే పరమధర్మం అని. నక్క శ్లోకం అందరి నోటా నానింది, ఈ రెండోది పెళ్ళిళ్ళలో ఉపన్యాసం ఇచ్చేవాళ్ళు కూడా ఎత్తరు. పదో అధ్యాయంలో ‘వ్యభిచారేణ వర్ణానాం’ అని మళ్ళీ వస్తుంది; అక్కడ తప్పడం వర్ణాల కట్టుబాటు నుంచి.

ఇంకో స్మృతికర్త యాజ్ఞవల్క్యుడు వ్యభిచారిణికి ఏ శిక్ష చెప్పాడో కూడా చూడాలి. అధికారం తీసేసి, మురికి బట్టలతో, కడుపుకి తిండి మాత్రం పెట్టి, నేలమీద పడుకోబెట్టి ఇంట్లోనే ఉంచాలట. క్రూరమే. అయినా ఇంట్లోంచి తరిమెయ్యమనలేదు, తిండి ఆపమనలేదు. వెనకాలే రుతువుతో ఆ దోషం పోతుందనీ అన్నాడు, గర్భం వస్తే తప్ప. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో మనోవర్తి కేసుల దగ్గర తెలుస్తుంది.

మగవాడి నేరానికి ఆ శాస్త్రాల్లో పేరు వేరు. స్త్రీసంగ్రహణం అంటారు, పద్దెనిమిది వ్యవహారపదాల్లో, అంటే తగువుల రకాల్లో అదొకటి. పరాయివాడి భార్యని పట్టుకోవడం అనే అర్థం. అంటే మగవాడు చేసింది ఇంకో మగవాడికి చేసిన అన్యాయం, ఆడది చేసింది తన కట్టుబాటు తప్పడం. పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లీషువాళ్ళు రాసిన శిక్షాస్మృతిలోనూ అచ్చంగా ఇదే లెక్క కనిపిస్తుంది. ఎక్కడి మనువు, ఎక్కడి ఇంగ్లీషు దొరలు!

మన తెలుగులో ‘చర’కి సరైన జోడీ ‘తిరుగు’. తిరుగుబోతు అన్నా వ్యభిచారి అన్నా పుట్టుక ఒక్కటే. కానీ మన సామెత ఏమంటుంది? "తిరిగి ఆడది చెడింది, తిరక్క మగాడు చెడ్డాడు." తిరగడం ఇద్దరిదీ, చెడడం మాత్రం లెక్క వేరు. తిరుగుబోతు మొగుడు అని ఇంటావిడ కళ్ళొత్తుకుంటుంది గానీ, ఆ మాట పడ్డాయన రచ్చబండ దగ్గర తలొంచుకున్నది నేను చూడలేదు. ఆడవాళ్ళకైతే రంకు, రంకులాడి, జారిణి, ఇంకా ఇక్కడ రాయలేనివి బోలెడు. "రంకు నేర్చినమ్మ బొంకు నేర్వదా" అని దానికో సామెత. జారుడు అన్న మాట మగవాడికి ఉంది కదా అంటారేమో. ఉంది, కృష్ణుణ్ణి చోరజారశిఖామణి అని భజన చేస్తాం.

పల్లెల్లో మాటవరసకి కూడా వ్యభిచారం అనరు. ‘ఆయనకి అక్కడెవరో ఉన్నారు’, ‘ఉంచుకున్నాడు’, ‘చెడు తిరుగుళ్ళు’ అంటారు. మన ఉత్తరాంధ్రలో చాలా కులాల్లో మారుమనువు ఎప్పటి నుంచో ఉంది. మొగుడితో పొసగక ఇంకొకరితో వెళ్ళిన మనిషి విషయం కులపెద్దల ముందుకి వచ్చేది. ఓలి, అంటే పెళ్ళికి పిల్లవైపు ఇచ్చిన సొమ్ము, తిరిగి ఇప్పించేవారు, తప్పు కట్టించేవారు, అక్కడితో తగువు తెగేది. పై కులాల వాళ్ళ శాస్త్రం ప్రకారం వ్యభిచారం అనిపించుకునేది ఆ పెద్దల దగ్గర డబ్బులిచ్చి తెంపుకునే తగువు. ఆ మాట వాళ్ళ నోట రాకపోవడానికి అదో కారణమని నా అభిప్రాయం.

విజయనగరం మాట వచ్చింది కాబట్టి కన్యాశుల్కం తలుచుకోకుండా ముందుకి పోలేను. 1892లో ఇక్కడే ఆడారు, 1897లో అచ్చయింది, ఇప్పుడు మనం చదివేది బాగా పెంచి రాసిన 1909 నాటి ప్రతి. అందులో మధురవాణి వేశ్య. పాత అర్థం పట్టుకుని చూస్తే ఆవిడ వ్యభిచారిణి అవడానికి వీల్లేదు, తప్పడానికి ఆవిడకి మొగుడు లేడు. పైగా ఒకరి దగ్గర ఉన్నంతకాలం వాళ్ళని దాటకూడదని ఆవిడకో నియమం. సానిదానికి మాత్రం నీతి ఉండొద్దా అన్నట్టు రామప్ప పంతుల్ని నిలదీస్తుంది. తిరిగినవాళ్ళూ తప్పినవాళ్ళూ అంతా పంతుళ్ళూ గిరీశాలూ. వేశ్య, సాని, భోగం అనేవి కులానికీ వృత్తికీ పేర్లు. వ్యభిచారం కట్టుబాటు తప్పడానికి పేరు. గురజాడ కాలానికి ఈ రెంటికీ మధ్య గోడ ఇంకా ఉంది.

‘సాని’ సంగతి కూడా ఒక్క మాట. స్వామిని అనే మాట నుంచి వచ్చింది, యజమానురాలు అని అర్థం. దొరసాని, మంత్రసాని అనే మాటల్లో ఆ గౌరవం ఇంకా మిగిలే ఉంది. పాత ఆలయ శాసనాల్లో గుడిసానులు కనిపిస్తారు, దేవుడికి దీపాలు పెట్టించి దానాలు రాయించిన ఆడవాళ్ళు. ఆ మాట తిట్టు కావడం మన భాషలో జరిగిన పెద్ద అన్యాయాల్లో ఒకటి. అదో పెద్ద కథ, ఇంకోసారి.

ఇప్పుడు పది ఆజ్ఞలు. అచ్చులోకి వచ్చిన తెలుగు బైబిలు పని మన వైపే మొదలైంది. లండన్ మిషనరీలు 1805లో విశాఖపట్నంలో దిగారు, 1812లో మొదటి తెలుగు సువార్తలు శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. ఇప్పుడు మనం చదివే తెలుగు బైబిల్లో మాటల వాడకం చాలావరకు పద్ధతిగా ఉంటుంది. నిర్గమకాండంలో ‘వ్యభిచరింపకూడదు’ అంటే పెళ్ళి కట్టుబాటు తప్పకూడదని. పెళ్ళితో సంబంధం లేకుండా చేసేదానికి ‘జారత్వము’ అన్నారు. యెరికోలోని రాహాబు ‘వేశ్య’. మూడింటికి మూడు మాటలు. అంతేకాదు, ప్రవక్తల గ్రంథాల్లో జనం యెహోవాని వదిలి వేరే దేవతల వెంట పోతే దాన్నీ వ్యభిచరించడమే అన్నారు. గీతలో ‘అవ్యభిచారిణి’ అయిన భక్తికి ఇది సరిగ్గా తిరగవేసిన బొమ్మ. చర్చిలో చదివేవాళ్ళకీ గుళ్ళో చదివేవాళ్ళకీ ఈ సంగతి చెబితే ఇద్దరూ ఒకేలా ఆశ్చర్యపోతారు.

మరి లాడ్జి మీద దాడి వార్తలోకి ఎలా వచ్చింది? 1956లో కేంద్రం తెచ్చిన చట్టం ఒకటి ఉంది. 1986లో సవరించి పేరు మార్చారు. తెలుగులో దాన్ని వ్యభిచార నిరోధక చట్టం అంటున్నారు. వ్యభిచార గృహం, వ్యభిచార వృత్తి, వ్యభిచార ముఠా అంటూ పత్రికలు, పోలీసు నోట్లు దాన్ని ఇంటింటికీ చేర్చాయి. వేశ్య అంటే కులం పేరులా ఉంటుంది, సాని అంటే తిట్టులా ఉంటుంది, సంస్కృతం మాట అయితే మర్యాదగా ఉంటుంది అనుకుని ఉంటారు. దాంతో డబ్బు కోసం చేసే పనికి వ్యభిచారం అనే పేరు స్థిరపడిపోయింది. ఇక్కడ ‘దేని నుంచి’ అన్న ప్రశ్నకి చోటే లేదు. విచిత్రం ఏమిటంటే, ఆ చట్టం కింద ఒక స్త్రీ ఆ పని చెయ్యడమే నేరం కాదు. ఇల్లు నడపడం, ఆ సంపాదన మీద బతకడం, మనుషుల్ని అందులోకి దింపడం, వీధిలో పిలవడం లాంటివి నేరాలు. వార్తలో మాత్రం ఇల్లు నడిపినవాడి కంటే ముందు ఆడవాళ్ళ ఫొటో వేస్తారు, మొహానికి చున్నీ కట్టుకుని. హిందీవాళ్ళు వ్యభిచార్ అంటే ఇప్పటికీ పెళ్ళి తప్పడం అనే అనుకుంటారు. హిందీ నుంచి తెలుగు చేసే కుర్రాళ్ళు ఈ ఒక్క మాట దగ్గర జాగ్రత్తగా ఉండాలి, మనిషి బతుకు తారుమారవుతుంది.

కోర్టులో ఆ తారుమారు ఎలా ఉంటుందో చెబుతాను. భార్య మనోవర్తి అడిగిన కేసుల్లో భర్త తరఫు కౌంటరులో తరచూ ఒక వాక్యం ఉండేది: "పిటిషనరు వ్యభిచారిణి అయినందున మనోవర్తికి అర్హురాలు కాదు." ఒక కౌంటరుకి రుజువుగా పెట్టినది రణస్థలం బస్టాండులో ఒకాయన ఆవిడ సంచీ అందుకున్నాడన్న సాక్ష్యం. చట్టంలో ఉన్న షరతు అది కాదు. భార్య వ్యభిచార జీవనం సాగిస్తూ ఉంటే మనోవర్తి రాదు అని ఉంది. ఎప్పుడో ఒకసారి తప్పడం వేరు, అలాగే బతుకుతూ ఉండటం వేరు అని హైకోర్టులు చాలాసార్లు చెప్పాయి. తప్పినదానికి తిండి ఆపమని యాజ్ఞవల్క్యుడు కూడా అనలేదని ఇందాక చెప్పింది ఇందుకే. ‘వ్యభిచారిణి’ అన్న ఒక్క ముక్కతో ఆ తేడా మాయమవుతుంది, ఒక పనిని మనిషికి పేరుగా అంటగట్టేస్తుంది. నేను అనువాదంలో ‘వివాహేతర సంబంధంలో జీవిస్తున్నట్టు ఆరోపణ’ అని రాస్తే, ఇంత పొడుగెందుకండీ, ఒక్క మాటలో పోతుంది కదా అనేవారు వకీలు గుమాస్తాలు. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు, ఆడవాళ్ళని కించపరిచే మాటలు తీర్పుల్లో, పిటిషన్లలో రాకుండా ఒక కరదీపిక వేసింది. వ్యభిచారిణికి సరిసాటి ఇంగ్లీషు మాట కూడా అందులో ఉంది. దాని బదులు పొడుగ్గా చెప్పమనే ఉంది.

చివరిగా, కొట్టేసిన చట్టం. 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 497వ సెక్షను. పరాయివాడి భార్యతో, ఆ భర్త అనుమతి లేకుండా సంబంధం పెట్టుకున్న మగవాడికి అయిదేళ్ళ వరకూ జైలు. భర్త ఒప్పుకుంటే నేరం లేదు. మొగుడు పెళ్ళికాని అమ్మాయితోనో, వితంతువుతోనో తిరిగితే భార్యకి ఈ సెక్షను కింద దిక్కు లేదు. భార్యని శిక్షించరు, ఫిర్యాదు చేసే హక్కూ ఆవిడకి లేదు. ఇందాక చెప్పిన స్త్రీసంగ్రహణమే ఇది, ప్యాంటూ కోటూ వేసుకుంది. 2018 సెప్టెంబరు 27న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. ఆ శిక్షాస్మృతి బదులు 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ నేరాన్ని మళ్ళీ పెట్టలేదు.

కానీ అది పోయింది కాబట్టి ఏమీ కాదనుకోకండి. జైలు పోయిందిగానీ విడాకుల కారణం పోలేదు. హిందూ వివాహ చట్టం 13వ సెక్షను కింద భార్యాభర్తల్లో ఎవరు తప్పినా రెండోవాళ్ళు విడాకులు అడగొచ్చు, 1976 సవరణ తర్వాత ఒక్కసారి తప్పినట్టు రుజువైనా చాలు. మనోవర్తి షరతు, పాత క్రిమినల్ ప్రొసీజరు కోడు బదులు వచ్చిన కొత్త నాగరిక సురక్షా సంహితలోనూ ఉంది. మన రెండు జిల్లాల నుంచి సైన్యంలో ఉన్నవాళ్ళు ఎక్కువ కాబట్టి ఇదీ చెప్పాలి: 2018 తీర్పు సైనిక చట్టాల కింద తీసుకునే క్రమశిక్షణ చర్యలకి అడ్డం రాదని 2023 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. జవాను మీద అలాంటి ఆరోపణ వస్తే పోలీసు స్టేషన్లో కేసు ఉండదు, యూనిట్‌లో మాత్రం విచారణ ఉండొచ్చు. మీ ఊళ్ళో ఎవరిదైనా అలాంటి సంగతి ఉంటే, మాట అర్థం నన్ను అడగండి, కేసు సంగతి వకీలుని అడగండి.